నాబ్ మీద 180, లోపల 200

ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) రివ్యూలన్నీ లీటర్ల దగ్గర మొదలై వాట్ల దగ్గర ఆగిపోతాయి. ఒకే సాయంత్రం బ్రౌనీలు, చాక్లెట్ చిప్ కుకీలు, అరటిపండు కేకు, మెరాంగ్ (తెల్లసొన, చక్కెర గిలక్కొట్టి చేసే కరకరలాడే తీపి) వరసపెట్టి చేస్తే ఓవెన్ అసలు స్వభావం బయటపడుతుంది. మాది 30 లీటర్లది. పైనా కిందా రాడ్లు, వెనక ఫ్యాన్, ముందు మూడు నాబ్‌లు. బ్రాండ్ పేరు చెప్పను.

ముందు వేడి సంగతి. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ నా దగ్గర ఉంది. నాబ్ 180 డిగ్రీల దగ్గర పెడితే అది 210 దాకా ఎక్కి, 185కి దిగి, మళ్లీ ఎక్కింది. ఎక్కడం దిగడం మామూలే. వేడి ఎక్కువైతే థర్మోస్టాట్ రాడ్లను ఆపేస్తుంది, తగ్గితే మళ్లీ వెలిగిస్తుంది. కానీ సగటే 200 దగ్గరుంటే అది నాబ్ చెప్పే అబద్ధం. ఇప్పుడు నాకు 180 కావాలంటే 165 దగ్గర పెడతాను. కేకు పైన మాడి లోపల పచ్చిగా ఉందని రెసిపీని తిట్టుకునేవాళ్లు ముందు ఆ థర్మామీటర్ కొనుక్కోండి.

ఇంకో మాయ ఆ ఎర్ర లైటు. అది ఆరగానే "అమ్మా, వేడెక్కేసింది, పెట్టెయ్" అంటాడు మావాడు. వేడెక్కింది గాలి, గోడలు కాదు. తలుపు తీయగానే ఆ గాలి కాస్తా బయటికి పోతుంది. లైటు ఆరాక ఇంకో పది నిమిషాలు ఆగాల్సిందే.

ఒక్క ట్రే పట్టే ఓవెన్‌లో నాలుగు రకాలంటే వరస ముఖ్యం. బ్రౌనీలు బాగా చల్లారితేగానీ శుభ్రంగా కోయలేం, అందుకే అవి మొదట. అవి లోపల ఉన్నంతసేపూ కుకీ పిండి ఫ్రిజ్‌లో. వెన్న చల్లగా ఉంటే కరగడానికి టైమ్ పడుతుంది, కుకీలు ట్రే అంతా పాకిపోవు. బ్రౌనీల విషయంలో ఓవెన్‌కి వంక పెట్టడానికి లేదు. టూత్‌పిక్ గుచ్చితే తడి తునకలు అంటుకుని వచ్చినప్పుడే తీసేశాను. పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఉంచితే అది బ్రౌనీ కాదు, ఎండిన కేకు.

కుకీల దగ్గర గుట్టు బయటపడింది. వెనక వరస ముదురు గోధుమ రంగుకి వచ్చేసరికి తలుపు వైపు వరస ఇంకా పాలిపోయి ఉంది. టైమ్‌లో మూడింట రెండు వంతులు అయ్యాక ట్రే తిప్పి పెడితే సరిపోయింది. ఫ్యాన్ వేస్తే ఇంకా సమంగా కాలతాయి, అయితే వేడి ఓ 20 డిగ్రీలు తగ్గించాలి. ఓవెన్‌తో ఇచ్చిన నల్ల ట్రే మాత్రం నాకు నచ్చలేదు. నలుపు వేడిని ఎక్కువ లాక్కుంటుంది, అడుగులు ముందే మాడతాయి. లేతరంగు అల్యూమినియం ట్రే మీద బేకింగ్ పేపర్ వేసిన రెండో విడత చూస్తే తేడా తెలిసిపోయింది.

అరటిపండు కేకుకి పెద్ద ఇబ్బంది ఎత్తు. కేకు పొంగి పై రాడ్‌కి దగ్గరైపోతుంది. కింది అరలోనే పెట్టాలి, రంగు వచ్చాక పైన ఫాయిల్ కప్పాలి. మధ్య భాగం గట్టిపడకముందే మాటిమాటికీ తలుపు తీస్తే కేకు కుంగుతుంది, కాబట్టి అద్దంలోంచి చూడటమే దారి. లోపల బల్బు లేదు! ఫోన్ టార్చ్ వేసి అద్దానికి ముక్కు ఆనించి చూడాలి. ఈ సైజు ఓవెన్‌కి బల్బు పెట్టకపోవడం పిసినారితనం.

చివరికి మెరాంగ్. బ్రౌనీలకి పచ్చసొనలు ఎక్కువ వేసే రెసిపీ నాది, తెల్లసొనలు మిగిలాయి. దీనికి 100 డిగ్రీల్లో గంటన్నర కావాలి, ఇది కాల్చడం కన్నా ఆరబెట్టడమే. నాబ్ మీద అన్నిటికన్నా తక్కువ గుర్తు 100, లోపల అంతకన్నా ఎక్కువ. చెక్క గరిటె కాడ అడ్డం పెట్టి తలుపు సందు వదిలితే కాస్త దిగింది. అయినా తెల్లగా రాలేదు, మీగడ రంగు వచ్చింది. రుచికి లోటు లేదు, కరకరలాడాయి. టైమర్ 60 నిమిషాలకే ఠంగుమంటుంది, మళ్లీ తిప్పాలి. పది నిమిషాల లోపు పెట్టాలంటే ముందు పది దాటించి వెనక్కి తేవాలి, లేకపోతే స్ప్రింగ్ సరిగ్గా పట్టదు. దీన్ని మాన్యువల్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో దాచారు.

పొడి రాలే కింది పళ్లెం సొరుగులా ముందుకే వస్తుంది, కడగడం తేలిక. హ్యాండిల్ చల్లగానే ఉంటుందిగానీ పై రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. పేపర్ రోలు, చేతిగుడ్డ తీసుకెళ్లి దాని మీద పెట్టే అలవాటు మావాడికి ఉంది. వాడికి ఇప్పుడు గిన్నెలు తోమే డ్యూటీ ఇచ్చాను.