రాజీనామా ముందా, వ్యాపారం ముందా?

నిలకడగా ఉన్న ఉద్యోగం వదిలి సొంతంగా ఏదైనా పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగే మాట, "మానేయనా, వద్దా?" ఆ ప్రశ్నలో రెండు దారులే కనిపిస్తాయి. మూడోది కూడా ఉంది: ఉద్యోగం చేసుకుంటూనే వ్యాపారం మొదలుపెట్టడం. నేను మొదటిసారి రాజీనామా ఇచ్చేసి దిగాను. పద్నాలుగు నెలలకు మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చింది. రెండోసారి ఉద్యోగంలో ఉంటూనే మొదలుపెట్టాను. ఆ వ్యాపారం ఇప్పటికీ నడుస్తోంది. నేను చెప్పేది ఆ రెండు అనుభవాల నుంచి వచ్చిందే.

ఒక్కసారిగా మానేస్తే రోజంతా మన చేతిలో ఉంటుంది. అది చిన్న లాభం కాదు. కస్టమర్ ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లొచ్చు, తప్పు జరిగితే ఆ రోజే దిద్దుకోవచ్చు. ఈ దారికి జెఫ్ బెజోస్‌ని ఉదాహరణగా చెబుతారు. 1994లో ఆయన మంచి జీతం వచ్చే ఫైనాన్స్ ఉద్యోగం వదిలేసి అమెజాన్ మొదలుపెట్టాడు. కానీ ఆయన అప్పటికే పెద్ద హోదాలో ఉన్నాడు. మరుసటి ఏడాది తల్లిదండ్రులు దాదాపు రెండున్నర లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టారు. ఆ డబ్బు పోయే అవకాశమే ఎక్కువని ఆయన ముందే వాళ్లకు చెప్పాడు. ధైర్యం గురించి చెప్పేటప్పుడు దాని వెనకున్న ఆసరా గురించి కూడా చెప్పాలి. లేకపోతే వినేవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఆ ఆసరా లేనివాడికి ఏం జరుగుతుందో నేను చూశాను. నాకు పని రాకపోవడం కాదు, వచ్చిన ప్రతి పనినీ ఒప్పుకోవడమే దెబ్బతీసింది. ప్రతి నెలా ఇంటి ఖర్చు గుర్తొస్తుంటే ధర దగ్గర గట్టిగా నిలబడలేం. తక్కువకు ఒప్పుకున్నాను. మూడు నెలల తర్వాత ఇస్తామన్న పెద్ద కస్టమర్‌కు కూడా సరే అన్నాను. సరుకు ఇచ్చినవాళ్లకు మాత్రం ముందే కట్టాలి. పుస్తకంలో లాభం కనబడుతోంది, చేతిలో నగదు లేదు. జీతం అంటే నెల గడవడానికి వచ్చే డబ్బు మాత్రమే కాదు, చెడ్డ బేరానికి వద్దని చెప్పగలిగే బలం కూడా. ఆ సంగతి నాకు అది పోయాకే తెలిసింది.

అందుకే నా మొగ్గు మూడో దారి వైపు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలు అంటారు. కానీ ఒకటి ఇంకా తయారవుతూ ఉన్నప్పుడు రెండోదాన్ని వదిలేయడం ఎందుకు? ఫిల్ నైట్ 1964లో బూట్ల వ్యాపారం మొదలుపెట్టినా 1969 దాకా అకౌంటెంట్‌గా, తర్వాత అధ్యాపకుడిగా పనిచేస్తూనే ఉన్నాడు. ఆ వ్యాపారమే తర్వాత నైకీ అయింది. అమెరికాలో వేలమంది వివరాలు పరిశీలించి 2014లో జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే వైపు చూపిస్తుంది. ఉద్యోగంలో ఉంటూ వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి మారినవాళ్లు, నేరుగా మానేసి దిగినవాళ్ల కంటే విఫలమయ్యే అవకాశం 33 శాతం తక్కువని వాళ్లు తేల్చారు. అలాంటివాళ్లు స్వభావంగానే జాగ్రత్తపరులు కావడం కొంత కారణం కావచ్చు. కానీ చిన్నగా చేసి చూసినప్పుడు వ్యాపారం మనకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది, సరిపడకపోతే అక్కడే ఆపేయొచ్చు.

దీనికీ ఖరీదు ఉంది. ముందు నిద్ర పోతుంది, తర్వాత సెలవు రోజులు పోతాయి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే ఈ దారి ఆరు నెలలు కూడా సాగదు. నియామక ఒప్పందం కూడా తీసి చదవాలి. బయట వేరే పని చేయకూడదనో, ఉద్యోగంలో ఉండగా తయారుచేసింది సంస్థకే చెందుతుందనో అందులో రాసి ఉండొచ్చు. యాపిల్ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ హెచ్‌పీ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థలో పనిచేస్తున్నప్పుడు తన కంప్యూటర్ డిజైన్‌ను ముందు ఆ సంస్థకే చూపించాడు. వాళ్లు వద్దన్నాకే అది యాపిల్‌ది అయింది. ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు సమయం, ఆఫీసు కస్టమర్లు, ఈ మూడింటినీ ముట్టుకోకూడదు.

పగలంతా తెరిచి ఉండాల్సిన దుకాణం లాంటివాటిని ఈ పద్ధతిలో నడపడం కష్టం. అలాంటప్పుడు నమ్మకమైన భాగస్వామి కావాలి, లేదా దీర్ఘ సెలవు పెట్టి అదే వ్యాపారంలో ఉన్నవాళ్ల దగ్గర కొన్నాళ్లు పనిచేసి చూడాలి.

ఇక ఉద్యోగంలోనే ఉండిపోవడం. దీన్ని పిరికితనం అనేవాళ్లతో నేను ఏకీభవించను. అమెరికా లెక్కల ప్రకారం కొత్త సంస్థల్లో దాదాపు అయిదో వంతు మొదటి ఏడాదే మూతపడతాయి, అయిదేళ్లు దాటేవి సుమారు సగమే. పై అధికారితో పడక వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు వేరే ఉద్యోగమే మందు. వయసు మించిపోతోందన్న టెన్షన్‌తో తొందరపడేవాళ్లకు ఒక మాట: అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కొత్త సంస్థల స్థాపకుల సగటు వయసు, మొదలుపెట్టిన నాటికి, 45 ఏళ్లని పరిశోధనలో తేలింది.

మూడో దారిలో ఉన్న అసలు ప్రమాదం, అక్కడే ఆగిపోవడం. జీతం వస్తోంది కాబట్టి వ్యాపారం ఏళ్ల తరబడి సరదాగానే మిగిలిపోవచ్చు. నేను మూడు గుర్తులు పెట్టుకున్నాను. వ్యాపార పెట్టుబడితో సంబంధం లేకుండా ఏడాది ఇంటి ఖర్చు పక్కన ఉండాలి. బంధువులూ స్నేహితులూ కాని కస్టమర్లు రెండోసారి కూడా కొనాలి. ఉద్యోగం వల్ల మంచి ఆర్డర్లు వదులుకోవాల్సి రావాలి. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే ఇంకా ఆగొచ్చు.

నాకు మూడోది వచ్చేసరికి రెండేళ్లు పట్టింది. ఒకే నెలలో మూడు ఆర్డర్లు సమయం లేక వదిలేశాను, మూడూ సరైన ధరకు వచ్చినవే. ఆ వారమే రాజీనామా ఇచ్చాను. నోటీసు కాలంలో ఆరోగ్య బీమా సొంతంగా తీసుకుని, ఉన్న చిన్న అప్పు తీర్చేసి, ఆఫీసులో నా పని పూర్తిగా అప్పగించి బయటికి వచ్చాను. మొదటిసారి మానేసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఈసారి మర్నాడు పొద్దున్నే వెళ్లాల్సిన పని ఉంది, త్వరగా పడుకున్నాను.