సింగపూర్ వెళ్తే ఈ పాత బంగళాకి ఒక పూట ఉంచుకోండి

సింగపూర్ వెళ్ళిన మనవాళ్ళం సెంటోసా, మరీనా బే, ముస్తఫా చుట్టేసి ఫ్లైట్ ఎక్కేస్తాం, మేమూ మొదటి రెండ్రోజులు అదే చేశాం. మూడో రోజు పొద్దున బాలెస్టియర్ వైపు టాయ్ జిన్ రోడ్‌లో ఉన్న సన్ యాట్ సెన్ నాన్యాంగ్ మెమోరియల్ హాల్‌కి వెళ్ళాం. ట్రిప్ మొత్తంలో నా మనసులో ఉండిపోయింది అదే.

పేరు చైనా విప్లవ నాయకుడు సన్ యాట్ సెన్‌దే గానీ నేను కదల్లేకపోయింది టియో ఎంగ్ హాక్ గురించి పెట్టిన చోట. ఈయన సింగపూర్‌లోనే పుట్టిన చైనీస్ వ్యాపారి. 1905లో వాళ్ళమ్మ కోసం ఈ బంగళా కొని, ఆ తర్వాత సన్ వచ్చినప్పుడు ఉండటానికి ఇచ్చేశాడు, 1906లో విప్లవ సంఘం టోంగ్‌మెంగ్‌హుయ్ సింగపూర్ శాఖ ఇక్కడే మొదలైంది. అయితే సన్‌తో పరిచయం కాకముందే, 1904లో, కలప వ్యాపారి టాన్ చోర్ లామ్‌తో కలిసి థో లామ్ జిత్ పో అని పత్రిక పెట్టాడు. చైనా రాజరికాన్ని కూలదోయాలని రాసే పేపర్ అది, చైనాలో చుట్టాలున్న వ్యాపారులు కొనడానికే భయపడేవాళ్ళు, రెండేళ్ళు కూడా నిలబడలేదు. కానీ వాళ్ళు వేసిన ఒక క్యాలెండర్ ఎక్కడో హోనొలులులో సన్ కంట్లో పడింది, ఆయనకి నచ్చి కాపీలు పంపమని డబ్బు కూడా పంపాడట! గోడకి తగిలించుకునే కాగితం సముద్రాలు దాటి ఇద్దర్ని కలిపిందంటే నాకు ఒళ్ళు పులకరించింది. పేపర్ మూతపడినా ఊరుకోలేదు వీళ్ళు, 1907లో చాంగ్ షింగ్ యిత్ పావ్ అని ఇంకోటి మొదలుపెట్టారు. ఆ మరుసటేడే మన కాశీనాథుని నాగేశ్వరరావు గారు అమృతాంజనం డబ్బుతో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు కదా, అక్కడ నిలబడి ఆయన్నే తలుచుకున్నా.

టియో భార్య నీలాకాశం, తెల్ల సూర్యుడు ఉన్న విప్లవ జెండాని ఈ ఇంట్లోనే కుట్టింది, ఆ కథ మాత్రం చదవకుండా రాకండి.

సోమవారం సెలవు, విదేశీయులకి టికెట్ ఉంది, రెండు గంటలు చాలు. పిల్లలకి లోపల కొంచెం బోర్ కొట్టొచ్చు, చదవాల్సింది ఎక్కువ. మేం లిటిల్ ఇండియాలో ఒక చిన్న హోటల్‌లో దిగాం, రూమ్‌కి కిటికీయే లేదు, సూట్‌కేస్ తెరవాలంటే మంచమెక్కాల్సిందే, బుక్ చేసేముందు ఫొటోలు సరిగ్గా చూసుకోండి. ఏరియా మాత్రం మనకి బాగా పనికొస్తుంది, ఇడ్లీ, భోజనం అన్నీ నడిచెళ్ళే దూరమే, శ్రీనివాస పెరుమాళ్ గుడి కూడా అక్కడే, మ్యూజియంకి బస్సులో తొందరగానే చేరిపోయాం.

బయటికొచ్చాక పక్కనే బర్మా బౌద్ధ ఆలయం ఉంది, పాలరాతి బుద్ధుడి ముందు కాసేపు కూర్చుని రండి.