దెగ్లూరు బండలు: రాయికి వంక లేదు, బాటతోనే బాధ

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న దెగ్లూరు చుట్టుపక్కల నేను బండలు ఎక్కడం, అంటే తాడు లేకుండా కింద మెత్తటి ప్యాడ్ పరుచుకుని ఎక్కే ఆట, మొదలుపెట్టి ఏళ్లయింది. ఏ బండ మీద ఎన్ని లైన్లు (పైకి ఎక్కే మార్గాలు) ఉన్నాయి, ఏది కష్టం, ఏది తేలిక అనేవి ఒక్కసారి వచ్చినవాళ్లు కూడా చెప్పగలరు, వాటి జోలికి పోను. మరాఠ్వాడా అంతా నల్లరాయి పరుచుకుని ఉంటే, ఈ తూర్పు అంచున దెగ్లూరు, బిలోలి వైపు మాత్రం గ్రానైట్ బయటపడింది. సాయంత్రం చల్లబడ్డాక ఆ రాయి మీద చెయ్యి వేస్తే వదలబుద్ధి కాదు. బండలెక్కేవాళ్లలో పేరున్న హంపీ పోయి వచ్చాక కూడా నా మాట మారలేదు.

నా బాధంతా బాటతోనే.

ఇక్కడి మంచి బండలు దాదాపు అన్నీ పట్టా భూముల్లోనే ఉన్నాయి. రాళ్లగుట్ట కదా, సర్కారుదే అయ్యుంటుంది, ఎవరడుగుతారులే అనుకుంటారు బయటివాళ్లు. సాత్‌బారా (భూమి ఎవరిదో చెప్పే 7/12 కాగితం) తీసి చూస్తే తెలుస్తుంది. గట్ నంబరు (సర్వే నంబరు) రైతుదే, పేరూ రైతుదే. రాళ్లున్న ముక్కలో పంట పండదు కాబట్టి దాన్ని పోట్‌ఖరాబ్ అని రాస్తారు. అంతమాత్రాన అది ఊరుమ్మడి భూమి అయిపోదు. 1966 నాటి మహారాష్ట్ర భూ రెవెన్యూ చట్టంలో 143వ సెక్షన్ కింద తహసీల్దారుకు అర్జీ పెడితే గట్టు మీదుగా దారి ఇప్పిస్తారని ఒక మిత్రుడు చెప్పాడు. అది తన చేనుకు తాను పోవడానికి దారి లేని రైతు కోసం పెట్టిన సెక్షన్. బండ ఎక్కడానికి పోయేవాళ్లకు పనికిరాదు. మనకున్నది రైతు నోటిమాట ఒక్కటే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం లెక్కలో అది లైసెన్సు, ఇచ్చినాయన వెనక్కి తీసుకోవచ్చు.

ఆయన తీసుకున్నాడు కూడా. మేం ఎక్కువగా పోయే గుట్ట ఒక పెద్దాయన చేను మధ్యలో ఉంది. మా అత్తగారి ఊరికి పక్క ఊరు, కాకా అని పిలుస్తాను. ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు, పైగా పోయినప్పుడల్లా బావి నీళ్లు తోడించి తాగమనేవాడు. అలాంటిది ఒక డిసెంబర్‌లో పోయేసరికి చేను మొదట్లో తుమ్మకంప అడ్డంగా వేసి ఉంది. ఫోన్ చేస్తే "నువ్వే వచ్చి చూడు" అన్నాడు.

చూశాను. ముందు వారం పట్నం నుంచి ఎవరో రెండు కార్లలో వచ్చారట. ప్యాడ్‌లు మోయడం ఎందుకని కార్లను శనగచేనులోంచే బండ దాకా తోలారు. టైర్ల జాడలో మొక్కలు పూతతో సహా నేలకు అంటుకుపోయి ఉన్నాయి. ప్యాడ్ సమంగా పరుచుకోవడానికి గట్టు రాళ్లు పీకి గుంతలో పేర్చారు. ఆ రాళ్లు లేకపోతే వానలకు పై చేను మట్టంతా కిందికి పోతుంది. కాకాను అన్నింటికంటే నొప్పించింది చేను కాపాడే దేవుడు మసోబా రాయి. సిందూరం పూసిన ఆ చిన్న రాయి పెద్ద బండను ఆనుకుని ఉంటుంది. దాన్ని పట్టుకుని పైకి లేచినట్టున్నారు, సిందూరం మీద చాక్ (చేతులు జారకుండా రాసుకునే తెల్ల పొడి) అంటిన వేళ్ల ముద్రలు తెల్లగా, ఒక్కో వేలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

"నువ్వొస్తే నాకేం బాధ లేదు బిడ్డా. నిన్ను చూసి ఎవరెవరో వస్తుండ్రు. రేపు ఎవడన్న పడి కాలిరగ్గొట్టుకుంటే పోలీసులు ఎవరింటికొస్తరు? నా ఇంటికే గద" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నేనూ మా బావమరిదీ కలిసి గట్టు రాళ్లు తిరిగి పేర్చాం. మసోబా రాయి కడుగుతామంటే కాకా ఒప్పుకోలేదు, ఆ పని ఆయన ఇంట్లోవాళ్లే చేసుకున్నారు. కంప మాత్రం తీయలేదు. ఆ చలికాలమంతా గుట్ట బందే.

ఆ కార్లవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ వాళ్లు రాకపోయినా అసలు చిక్కు ఉండేది. రాయి బాగుంటుందన్నాను కదా, అది నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా. చేలల్లో శనగ, జొన్న నిలబడి ఉండేదీ అప్పుడే. కోతలయ్యి చేను ఖాళీ అయిన ఏప్రిల్‌లో ఎటు నుంచి నడిచినా ఎవరూ ఏమనరు, అప్పటికి రాయి పెనంలా కాలుతుంటుంది. వానాకాలం సోయాబీన్, బండల మీద నాచు. రాయి బాగున్నప్పుడు దారి ఉండదు, దారి ఉన్నప్పుడు రాయి పనికిరాదు.

అమెరికాలో టెక్సాస్ ఎడారిలో, ఎల్ పాసో దగ్గర, హ్యూకో ట్యాంక్స్ అని బండలెక్కే చోటు ఉంది. ఏ లైను ఎంత కష్టమో చెప్పడానికి మనమందరం వాడే వీ గ్రేడ్లు పుట్టిందే అక్కడ. అక్కడ కూడా చలికాలమే సీజన్. పాతకాలపు మనుషులు రాళ్ల మీద గీసిన బొమ్మలు పాడవుతున్నాయని 1998లో కట్టడి పెట్టారు. ఉత్తర గుట్ట మీదికి ఒకేసారి 70 మందినే పంపుతారు, తూర్పు, పడమటి గుట్టలకు గైడ్ లేనిదే పోనివ్వరు. ఆ నియమాల మీద విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకైతే ఈర్ష్యగా ఉంటుంది. అది రాష్ట్ర ప్రభుత్వ పార్కు, నియమం కాగితం మీద ఉంది, ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. పైగా ఆ రాష్ట్రంలో డబ్బు తీసుకోకుండా జనాన్ని ఆటకో వేటకో తన భూమిలోకి రానిచ్చినవాడికి చట్టం కొంత రక్షణ ఇస్తుంది, వచ్చినవాడు దెబ్బ తగిలించుకుంటే ఆ భారం చాలావరకు భూమిగలాయన మీద పడదు. కాకా భయానికి మందు అదే.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. కంకర మిల్లుల వాళ్లు రాయికి బ్రాస్‌కు ఇంత అని లెక్క కట్టి బేరానికి వస్తున్నారు. బ్రాస్ అంటే 100 ఘనపుటడుగులు. ఆ బండల్లో ఎన్ని బ్రాస్‌లున్నాయో ఏ రైతయినా లెక్క వేసుకుంటాడు. మనం ఎక్కడం వల్ల ఆయనకు పైసా లాభం లేదు. ఇంతవరకూ అమ్మకుండా ఉన్నాడంటే అది ఆయన మంచితనం.

మరుసటి ఏడు విత్తనాలు వేయకముందే పోయి కాకాతో మాట్లాడాను. కొన్ని షరతులతో కంప తీశాడు. కార్లు రోడ్డు మీదే ఆపాలి, గట్టు మీద ఒకరి వెనుక ఒకరు నడవాలి, కొత్తవాళ్లెవరు వచ్చినా నేను వెంట ఉండాలి. డబ్బు ఇస్తామంటే తీసుకోలేదు. ఎండాకాలం బావి పూడిక తీసేటప్పుడు మేమంతా పోయి చెయ్యి వేస్తున్నాం. మసోబా ఉన్న బండను ఇక ఎవరూ ముట్టకూడదు. ఈ గుట్టలోకెల్లా మంచి లైను దాని మీదే ఉంది. నేను ఎక్కను, ఎవరినీ ఎక్కనివ్వను.

రావచ్చా అంటే, నా సంగతి వేరు. ఇల్లు దెగ్లూరులో, పక్క ఊరు అత్తగారిది, తెలుగులోనో మరాఠీలోనో ఎవరితోనైనా మాట్లాడుకోగలను. అందుకే నాకు ఇంతకంటే మంచి చోటు లేదు. హైదరాబాద్ నుంచి శనివారం బయల్దేరి నాందేడ్ హైవే పట్టుకుందామనుకునేవాళ్లకు మాత్రం ప్రస్తుతానికి ఖాజాగూడ గుట్టలే మేలని చెప్తాను. ఇక్కడికే రావాలనుంటే నవంబర్ కాకుండా జనవరి చివర అడగండి, అప్పటికి శనగ కోతకు వస్తుంది, కాకా కొంచెం మెత్తబడతాడు. వచ్చే ఏడు నుంచి చేను ఆయన కొడుకు చూసుకుంటాడట. అతనితో ఇంకా మాట్లాడలేదు. ఆ మాట తేలాక ఇక్కడ రాసినదాంట్లో మార్చాల్సినవి మారుస్తాను.