సొంత చెరువా, లీజు చెరువా: చేపల సాగులో ఏది మేలు?

కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు ఈ ప్రశ్న వేస్తే పదిమందిలో తొమ్మిదిమంది సొంతమే మేలంటారు. పైకి చూస్తే నిజమే. సొంత చెరువైతే పట్టుబడి కాగానే ఎండగట్టి, అడుగు బురద తీయించి, సున్నం చల్లిస్తారు. ఆ ఖర్చు ఫలం వచ్చే పంటలో తమకే దక్కుతుంది. లీజు రైతు ఆఖరి ఏడాది గట్టు మీద రూపాయి పెట్టడు, పెట్టమనడమూ న్యాయం కాదు. బ్యాంకు దగ్గరా అంతే. 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు చేపల సాగుకూ ఇస్తున్నారు, నిబంధనల్లో కౌలు రైతూ ఉన్నాడు. కానీ నోటిమాట మీద నడిచే లీజుకు చూపడానికి కాగితమేది?

అయితే దిగుబడిని తేల్చేది పట్టా కాదు, మేత. ఖర్చులో సగానికి పైగా దానిదే. నూనె తీసిన తవుడు, పత్తి చెక్క అప్పు మీద తెచ్చుకునే మూడెకరాల ఆసామి సంగతి చూడండి. ధర మేత వ్యాపారి చెప్పిందే, చేప అమ్మాల్సిందీ ఆయన చెప్పినవాళ్లకే. పెద్ద చేపపిల్ల కొనే స్తోమత లేక చిన్న చేపపిల్ల వదులుతాడు, అందులో చావులు ఎక్కువ. పక్కనే చేతిలో డబ్బున్న లీజు రైతు సొంత నర్సరీలో ఏడాది పెంచిన బొచ్చె, శీలావతి పిల్ల వదులుతాడు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఏరేటర్ వేస్తాడు, కరెంటు పోతే జనరేటర్ ఉంటుంది. కోల్‌కతా, అస్సాం మార్కెట్లో ధర పెరిగేదాకా ఆగగలడు. బాగా సాగితే ఎకరాకు మూడు టన్నులు దాటుతుంది.

కొల్లేరులో ఇది ఎప్పుడో తేలింది. 1970ల్లో మత్స్యకార సొసైటీలకు ప్రభుత్వం చెరువులిచ్చింది. పెట్టుబడి ఇచ్చే దారి సరిగా చూపలేదు. చాలా చెరువులు డబ్బున్నవాళ్ల లీజులోకి పోయాయి, సభ్యులు అక్కడే కూలికి దిగారు. 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టినప్పుడు ఆ కూలీ కూడా పోయింది.

నా లెక్క ఇదీ. మేతకు సొంత డబ్బో బ్యాంకు అప్పో ఉంటే సొంత చెరువే మేలు, మూడెకరాలైనా సరే. వ్యాపారి అప్పే దిక్కైతే ఉన్న చెరువులోనే పిల్ల తగ్గించి వేసుకోవాలి. అప్పు మేత మీద లీజుకు మాత్రం దిగొద్దు: లీజు సొమ్ము ముందే కట్టాలి, దాని మీద మేత వడ్డీ, చివరికి చేప కిలో తూగకముందే వల వేయాల్సి వస్తుంది.