టకాక్స్ ప్లస్‌తో ఆరేళ్లు: తాళం గట్టిదే, కీ దాచుకోవడమే కష్టం

నేను పనిచేసే సంస్థకు తిరుపతిలో ఐదు లాడ్జీలు, తిరుచానూరు దారిలో ఒక కల్యాణ మండపం ఉన్నాయి. అన్నింట్లో కలిపి 34 నెట్‌వర్క్ స్విచ్చులు (వైఫై, కెమెరాల కేబుళ్లను కలిపే పెట్టెలు), నాలుగు రూటర్లు. 2019 దాకా వాటన్నింటికీ ఒకే యూజర్‌నేమ్, ఒకే పాస్‌వర్డ్. కేబుల్ పనికి వచ్చి వెళ్లిపోయిన కుర్రాళ్లకు కూడా అది నోటికి వచ్చు. ఓసారి ఎవరో కెమెరాల వీలాన్ (నెట్‌వర్క్‌లో వాటికి విడిగా కేటాయించిన భాగం) మార్చేసి పోయారు. ఎవరని అడగను? లాగ్‌లో అందరూ 'అడ్మిన్' స్వామే.

అప్పుడు పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ వేసి, ఉచితంగా దొరికే టాక్-ప్లస్ సర్వర్ పెట్టాను. అది టకాక్స్ ప్లస్ అనే పద్ధతిలో పనిచేస్తుంది, అంటే పరికరాల్లోకి ఎవరు లాగిన్ కావచ్చో ఒకే చోట నుంచి తేలుస్తుంది. ఇప్పుడు ఎవరి పేరుతో వాళ్లు లాగిన్ అవుతారు. ఆ పేరు, పాస్‌వర్డ్ సరైనవేనా అని స్విచ్ టీసీపీ 49 పోర్టు మీద సర్వర్‌ను అడుగుతుంది. స్విచ్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే షేర్డ్ కీ (రెండింటికీ ఉమ్మడి రహస్య పదం) ఉండాలి, వాటి మధ్య మాటలు ఆ కీతోనే కప్పి వెళ్తాయి. ఇలాంటిదే ఇంకో పద్ధతి రేడియస్. అందులో పాస్‌వర్డ్ ఒక్కటే దాస్తారు, యూజర్‌నేమ్ బయటికి కనిపిస్తూనే ఉంటుంది. టకాక్స్‌లో హెడర్ (ప్రతి సందేశం మొదట ఉండే చిన్న వివరాల భాగం) తప్ప లోపలిదంతా కప్పేస్తారు. ఎవరు ఏ కమాండ్ కొట్టారో కూడా రాసిపెడుతుంది. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

ఇక నా ఘనకార్యం. మా దగ్గర ఒకతను ఉద్యోగం మానేశాడని 2022లో కీ మార్చాను, అదీ బ్రహ్మోత్సవాలకు రెండు రోజుల ముందు! ఎక్సెల్ షీట్ నుంచి కాపీ చేసి, స్క్రిప్టుతో అన్నింటికీ తోసేశాను. అలిపిరి దగ్గరి లాడ్జిలో ఒక స్విచ్ మాత్రం లాగిన్ ఒప్పుకోలేదు. సర్వర్‌తో పని లేకుండా స్విచ్‌లోనే ఉండే లోకల్ అకౌంట్ ఉంది కానీ దాని పాస్‌వర్డ్ మార్చి ఎక్కడా రాసుకోలేదు. రాత్రి పదకొండుకు ర్యాక్ ముందు కూర్చుంటే వాచ్‌మన్ టీ తెచ్చి, "ఏం స్వామీ, వైఫై పోయిందా?" అన్నాడు. పోయింది నా బుర్ర. షీట్ మళ్లీ తెరిచి చూస్తే ఆ వరుసలో కీ చివర ఒక ఖాళీ స్పేస్ ఉంది. సిస్కో స్విచ్ చివరి స్పేస్‌ను కూడా కీలో భాగంగానే తీసుకుంటుంది. రీబూట్ చేయకుండా, సర్వర్‌లో ఆ ఒక్క స్విచ్‌కు మాత్రం కొటేషన్లలో స్పేస్‌తో సహా అదే కీ రాశాను. లాగిన్ అయిపోయింది! ఒక్కో పరికరానికి ఒక్కో కీ పెట్టొచ్చని ఆ రాత్రిదాకా నాకు తట్టలేదు.

తిట్టుకునేవీ ఉన్నాయి. పాత స్విచ్చుల కాన్ఫిగ్‌లో (సెట్టింగుల జాబితాలో) కీ టైప్ 7 అనే సిస్కో పాత పద్ధతిలో దాచినట్టు కనిపిస్తుంది. చూడటానికి గజిబిజిగా ఉంటుంది కానీ క్షణాల్లో విప్పేయొచ్చు. ఆ కాన్ఫిగ్‌నే నేను సపోర్ట్ వాళ్లకు ఎన్నిసార్లు మెయిల్ చేశానో! కొత్తవాటిలో టైప్ 6 ఉంది, అది ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ కాబట్టి నయం. అసలు 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 8907 (టకాక్స్ ప్లస్ ఎలా పనిచేయాలో చెప్పే పత్రం) కూడా స్విచ్, సర్వర్ల మాటలను కప్పడాన్ని ఎన్‌క్రిప్షన్ అనదు, మరుగుపరచడం అంటుంది. లోపల ఉన్నది ఎండీ5 అనే పాత, బలహీనమైన లెక్క మరి. కీ కనీసం 16 అక్షరాలు ఉండాలని కూడా చెబుతుంది. నేను మొదట పెట్టింది గోవిందుడి పేరు, పక్కన మూడు అంకెలు. తిరుపతిలో అది ఎవరైనా మొదటి ప్రయత్నంలోనే కొట్టేస్తారు.

జూనియర్లకు ఎప్పుడూ వచ్చే టెన్షన్ ఇంకొకటి: "సార్, లోకల్ పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు." సర్వర్ పలకకపోతేనే స్విచ్ లోకల్ అకౌంట్ వైపు చూస్తుంది. సర్వర్ బతికి ఉండి కాదంటే అంతే, ఇక లోకల్‌ను అడగదు. ఈ సంగతి చెప్పి చెప్పి నోరు నొప్పి.

స్విచ్చులు మూడు నాలుగే ఉంటే ఇంత హంగామా అక్కర్లేదు. పది దాటితే పెట్టుకోండి, సర్వర్లు మాత్రం రెండు ఉండాలి. నాకిప్పుడు ప్రతి స్విచ్‌కూ విడి కీ, 24 అక్షరాలు, పాస్‌వర్డ్ మేనేజర్‌లో. ఎక్సెల్ షీట్ తీసేశాను. కల్యాణ మండపంలో టైప్ 6 రాని పాత స్విచ్చులు రెండు మిగిలాయి. మార్చమని ఓనర్‌ను అడిగితే, "ముహూర్తాలు అయిపోనీ స్వామీ, చూద్దాం" అంటున్నారు.