ఇది అరుగుడు కాదు, కాలుడు: మూడేళ్ళు, తొమ్మిది ట్రాక్ డేలు, మూడు సెట్ల బ్రేక్ ప్యాడ్లు

మిర్యాలగూడలో ఇలాంటి కారు ఒక్కటే ఉంది. మోడల్ పేరు రాస్తే నేనెవరో మా వీధి పిల్లలు కూడా చెప్పేస్తారు కాబట్టి రాయను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండే సీట్లు, ఇంజన్ సీట్ల వెనకాల, 300 హార్స్‌పవర్. నేను ఎక్కి కూర్చుంటే 1,450 కిలోల బరువు. మిల్లు పని చూసుకుంటూ మూడేళ్ళలో తొమ్మిది ట్రాక్ డేలకు, అంటే రేసు ట్రాక్‌ను మాలాంటి సొంత కార్లవాళ్ళకు తెరిచే రోజులకు, తీసుకెళ్ళాను. తొమ్మిదీ శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ట్రాక్ మీదే. రౌండుకు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు.

ప్యాడ్ల (బ్రేక్ తొక్కితే చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా ఒత్తిపట్టే పలకల) సంగతికి వచ్చేముందు దూరం సంగతి చెప్పాలి, ఎందుకంటే నా ఎంపికలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. ట్రక్కు మీద కారు వేసుకుని వెళ్ళేంత స్తోమత, ఓపిక రెండూ నాకు లేవు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డెక్కి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ, నరసరావుపేట, మేదరమెట్ల, అక్కణ్ణుంచి ఒంగోలు, నెల్లూరు మీదుగా దగ్గర దగ్గర 500 కిలోమీటర్లు నడుపుకుంటూ పోతాను. అంటే అవే బ్రేకులు దారిలో అడ్డమొచ్చే బర్రెకూ ఆగాలి, మర్నాడు ట్రాక్ మీదా ఆగాలి. హైదరాబాద్ మిత్రులు ఇచ్చే సలహాలు నాకు సగమే పనికొచ్చేది ఇందుకే.

మొదటి సెట్ కారుతో వచ్చినవే. వెర్నియర్ పెట్టి కొలిస్తే ముందు ప్యాడ్లు 9.5 మిల్లీమీటర్లు. అప్పటికి నేను రోడ్డు మీద 9,000 కిలోమీటర్లు తిప్పితే అరిగింది 1 మిల్లీమీటరు. అదే లెక్కతో ఇవి జీవితాంతం వస్తాయనుకుని బయల్దేరాను. ఒక్క రోజు, 20 నిమిషాల సెషన్లు ఐదు, మొత్తం కలిపితే 150 కిలోమీటర్లు కూడా ఉండవు. తిరిగొచ్చి కొలిస్తే 6. మూడున్నర మిల్లీమీటర్లు పోయింది!

మా లారీల బ్రేకులు చూసే మెకానిక్ చాచా ఆ ప్యాడ్లను విప్పి ఎండలో పెట్టి చూశాడు. పైన అద్దంలా మెరుపు, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, వెనక ఇనప రేకు మీద రంగు మాడి నీలం తిరిగింది. గోటితో గీకి వాసన చూసి, "ఇది అరుగుడు కాదు బేటా, కాలుడు" అన్నాడు. మూడేళ్ళలో ఈ విషయం మీద నేను విన్నవాటిలో ఇంతకంటే సరైన మాట లేదు.

లెక్క వేసుకుంటే అర్థమవుతుంది. 180 వేగంలో వచ్చి 80కి దించితే, ఈ బరువుకు ఆ ఒక్క బ్రేకు వేడితో ఐదు లీటర్ల నీళ్ళు కాగి మరిగే దాకా వస్తాయి. అందులో చాలా భాగం డిస్కులూ ప్యాడ్లే మింగాలి. రోడ్డు మీద అలాంటి బ్రేకు నెలకొకటి పడితే గొప్ప. ట్రాక్ మీద రౌండుకు నాలుగైదు పడతాయి, మధ్యలో చల్లారే వ్యవధి ఉండదు. మామూలు ప్యాడ్‌లోని జిగురు పదార్థం ఆ వేడికి తట్టుకోలేక ఆవిరైపోతుంది. తర్వాత మిగిలేది బొగ్గే.

రెండో సెట్: రోడ్డుకూ ట్రాక్‌కూ రెండింటికీ పనికొస్తాయని అమ్మే రకం. ముందు చక్రాలకు 24 వేలు. కొత్తవి 11 మిల్లీమీటర్లు. మొదటి ట్రాక్ డే తర్వాత 9, రెండో దాని తర్వాత 7, మూడో దాని తర్వాత 4.5. చివరిసారి ఎక్కువ అరగడానికి నేను వేగం పెంచడం ఒక కారణమైతే, ప్యాడ్ పలచబడటం ఇంకోటి. పలచబడితే వేడిని దాచుకునే సరుకు తగ్గుతుంది, మిగిలింది ఇంకా త్వరగా పోతుంది. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల దాకా లాగొచ్చు, ట్రాక్‌కి మాత్రం సగం దాటితే మార్చేయడమే. ఆ 4.5 పారేయలేదు, ఊళ్ళో తిరగడానికి ఉంచుకున్నాను.

ఈ సెట్‌తోనే నాకు పెద్ద భయం పట్టుకుంది. రెండో ట్రాక్ డే, మూడో సెషన్. ట్రాక్‌లో తిన్నగా సాగే భాగం చివర బ్రేక్ తొక్కితే పెడల్ కింది దాకా దిగిపోయింది, దూదిలో కాలు పెట్టినట్టు. రెండోసారి, మూడోసారి కొడితే కొంచెం పట్టింది. కారు మలుపు వదిలేసి మట్టిలోకి పోయి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, నాకు మాత్రం అరగంట చేతులు వణికాయి. ఆ రోజంతా ప్యాడ్లను తిట్టుకున్నాను. తప్పు వాటిది కాదు. బ్రేక్ ఆయిల్ అంతకు రెండేళ్ళ ముందెప్పుడో మార్చింది. సర్వీసుకు ఇచ్చినచోట అడిగితే "బాగానే ఉంది సార్" అన్నారు, నేనూ నమ్మాను. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా నీళ్ళు పట్టిన ఆయిల్‌కు ఆ ప్రమాణమే 155కి దిగిపోతుంది. లోపల బుడగలు వస్తే కాలు నొక్కేది ఆ బుడగలనే, ప్యాడ్లను కాదు.

కొత్తగా వెళ్ళేవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు: పెడల్ మెత్తబడితే ఆయిల్ మరిగింది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు మాత్రం ఆగకపోతే ప్యాడ్ చేతులెత్తేసింది. రెండోది నాకు మొదటి సెట్‌తో జరిగింది, అప్పుడు అదేమిటో నాకు తెలియదు. ఇప్పుడు ప్రతి ట్రాక్ డేకి వారం ముందు డాట్ 5.1 కొత్త డబ్బా తెరిచి నాలుగు చక్రాల్లోనూ పాతదంతా తీయిస్తాను.

మూడో సెట్ అసలు సిసలు ట్రాక్ ప్యాడ్లు. ముందువి 38 వేలు, నొప్పిగానే కట్టాను. 11.5తో మొదలై ఐదు ట్రాక్ డేల తర్వాత ఇప్పుడు 5.2. రోజుకు ఒకటింపావు. ఎంత వేడెక్కినా మొదటి రౌండు, ఎనిమిదో రౌండు ఒకేలా పట్టుకుంటాయి. ట్రాక్ మీద వీటికి వంక పెట్టలేను.

రోడ్డు మీద పెట్టగలను. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు బ్రేకులకు పట్టు ఉండదు. మొదటిసారి సాగర్ రోడ్డు మీద ముందున్న ఆటోకు చాలా దగ్గరగా పోయి ఆగాను. ఆగుతుంటే వచ్చే కీచు మా మిల్లులో బెల్టు జారినప్పటి కీచే, టీ కొట్టు దగ్గర అందరూ తలలు తిప్పారు. పైగా నల్ల ధూళి. వాన పడితే ఆ ఇనప పొడి చక్రాల మీద తుప్పు చుక్కలుగా అతుక్కుంటుంది, సబ్బుకు పోదు. దీన్ని తప్పించుకుందామని ఒకసారి పాత ప్యాడ్లతో వెళ్ళి, ట్రాక్ దగ్గర మార్చుకుని, వచ్చేటప్పుడు మళ్ళీ పాతవి వేశాను. పిడుగురాళ్ళ దాటేసరికి బ్రేక్ వేస్తే స్టీరింగ్ గడగడలాడింది. డిస్కు వంకర పోయిందని గుండె ఆగింది. వంకర కాదు, రెండు రకాల ప్యాడ్ల సరుకు డిస్కు మీద మచ్చలు మచ్చలుగా అంటుకుంది. అప్పటినుంచి ప్రయాణం మొదటి నుంచి చివరి దాకా ట్రాక్ ప్యాడ్లతోనే, మొదటి పది కిలోమీటర్లు జాగ్రత్తగా.

వెనక ప్యాడ్ల మీద ఎవరూ రాయరు. నావి మొదట్లో ముందువాటికంటే విచిత్రంగా అరిగాయి: లోపలివి పలచగా, బయటివి మందంగా. మిల్లులో వడ్లు పొట్టు తీసే రబ్బరు రోలర్లు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు, జోరుగా తిరిగే రోలరే ముందు అరుగుతుంది, అందుకే రెండింటినీ అటుదిటు మారుస్తాం. ఇక్కడ మొదట కాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) బిగిసిందనుకుని విప్పి శుభ్రం చేయించాను. లోపలి బయటి తేడా కొంత తగ్గింది గానీ అరుగుదల తగ్గలేదు. అసలు దొంగ ఈఎస్‌పీ, కారు జారిపోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. మలుపులో నేను కొంచెం తొందరపడి యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ అది చెప్పకుండా వెనక చక్రానికి బ్రేక్ వేస్తోంది. దాన్ని ఆపేయమని ఎవరికీ చెప్పను, నేనూ ఆపను. నెమ్మదిగా తొక్కడం నేర్చుకున్నాక వెనక ప్యాడ్ల ఆయుష్షు దానంతటదే పెరిగింది.

బ్రేక్ మీద నా పాదం చేసే తప్పు కూడా చాచాయే పట్టాడు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగే లారీల గురించి చెబుతూ, "బ్రేక్ మీద కాలు పెట్టుకొని దిగేటోడు కిందికి రాంగనే పొగ తీసుకొస్తడు" అన్నాడు. నేను ట్రాక్ మీద చేస్తున్నది అదే. చాలా ముందునుంచి మెత్తగా, పొడుగ్గా నొక్కుతున్నాను, ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటోంది. ఇప్పుడు ఆలస్యంగా కాదు గానీ గట్టిగా, పొట్టిగా నొక్కి వదిలేస్తాను. ఆఖరి రౌండు బ్రేక్ దాదాపు ముట్టకుండా తిరుగుతాను, ఆపాక వేడి మీద బ్రేక్ పట్టి ఉండకూడదని హ్యాండ్ బ్రేక్ వేయను, చక్రానికి రాయి పెడతాను. పక్క కార్లవాళ్ళు రాయి చూసి నవ్వుతారు, నవ్వనీ.

డిస్కులు ఏడో ట్రాక్ డే తర్వాత మార్చాల్సి వచ్చింది. రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు మొదట్నుంచీ ఉన్నాయి, అవి మామూలే. ఒకటి అంచు దాకా పాకింది, దాంతో ఇక ఆలోచించలేదు.

డిసెంబరులో ఇంకో ట్రాక్ డే ఉంది. 5.2 అంటే సగం దాటింది, కాబట్టి అదే రకం కొత్త సెట్ ఆర్డరు పెట్టేశాను. పాతవి డిక్కీలో, జాకీ పక్కన.