సింథటిక్ ఆయిల్ ఎండకు ఆగుతుంది, దుబ్బకు ఆగదు

మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు చెరువు మట్టి పనుల కోసం బ్యాక్‌హో (జేసీబీ లాంటి తవ్వే బండి) కొన్నాను. అప్పటి నుంచి దేవరకొండ చుట్టుపక్కలే తిప్పుతున్నాను. దాని ఇంజిన్‌లో మొదట్లో కొన్నేళ్లు 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్ (ముడి చమురు శుద్ధి చేసి తీసే మామూలు ఆయిల్) పోశాం, తర్వాత 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్‌కు (రసాయన పద్ధతిలో తయారు చేసే ఆయిల్) మారాం. ధర దాదాపు రెట్టింపు. అంత పెట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను.

షాపులో ముందుగా చెప్పే గొప్ప, ఇది చలికి గట్టిపడదని. 5డబ్ల్యూలో ఆ 5 చెప్పేది చలి సంగతే, అబద్ధం కాదు. కానీ మన నల్లగొండ, పాలమూరు చలికి 15డబ్ల్యూ ఆయిల్‌కు వచ్చే ఇబ్బంది ఏమీ లేదు. ఆ ఒక్కదాని కోసమైతే డబ్బు దండగ.

మనకు అసలు పరీక్ష మే నెల. బయట 42, 43 డిగ్రీలు, బండి పొద్దంతా మొరం గుట్ట మీద ఫుల్ లోడ్‌లో. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం) బేరింగ్ దగ్గర, పిస్టన్ రింగుల దగ్గర ఆయిల్ విపరీతంగా కాగుతుంది. మినరల్ ఆయిల్‌లో పలచటి భాగం ఆ వేడికి ఆవిరైపోతుంది, మిగిలింది చిక్కబడి అంటుకుంటుంది. మినరల్ పోసిన రోజుల్లో ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపలి వైపు గోధుమ రంగు పొర ఉండేది, గోరుతో గీకినా వచ్చేది కాదు. మారిన తర్వాత సర్వీసు సర్వీసుకూ అది పలచబడుతూ వచ్చింది. మధ్యలో పోసే టాప్‌అప్ కూడా బాగా తగ్గింది. ఈ రెండూ నేను కళ్లారా చూసిన లాభాలు. అయినా మా ఆపరేటర్ పని ఆపగానే ఇంజిన్ బంద్ చేయడు, మూడు నాలుగు నిమిషాలు స్లోలో ఉంచుతాడు. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా టర్బోకు ఆ చల్లారే టైమ్ ఇవ్వాల్సిందే.

సింథటిక్ పోస్తే ఆయిల్ మార్చకుండా డబుల్ గంటలు నడపొచ్చు అన్న మాట మాత్రం మన దగ్గర నమ్మకండి. ఒకసారి పాత ఆయిల్ నమూనా టెస్టుకు పంపించాం. ఆయిల్ బలం ఇంకా బాగానే ఉంది, కానీ సిలికాన్ ఎక్కువ వచ్చింది. సిలికాన్ అంటే ఇసుక, దుబ్బ. ఎయిర్ క్లీనర్ నుంచి టర్బోకు పోయే రబ్బరు పైపు విప్పి మెకానిక్ వేలు పెట్టి తుడిస్తే, వేలికి మెత్తటి ఎర్ర దుబ్బ అంటింది. క్లాంపు వదులైంది, అంతే. ఆ దుబ్బ సానరాయిలా రింగులను, లైనర్లను అరగదీస్తుంది. దాన్ని ఏ ఆయిలూ ఆపలేదు, మార్చి పారబోయడమొక్కటే దారి. అందుకే మాన్యువల్‌లో ఉన్న గంటలకే మారుస్తాం, ఫిల్టర్ కూడా దాంతోపాటే. ఆయిల్ నల్లబడితే మాత్రం టెన్షన్ పడొద్దు. డీజిల్ ఇంజిన్‌లో మసిని తనలో పట్టి ఉంచడం కూడా దాని పనే.

ఇంట్లో టర్బో లేని పాత ట్రాక్టర్ ఉంది. దున్నకానికి, ట్రాలీకి వాడతాం. దానికి మినరలే పోస్తున్నాం, టైమ్‌కు మారుస్తున్నాం, ఇంజిన్ గట్టిగా ఉంది. దానికి సింథటిక్ పోసి సాధించేదేమీ లేదు. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకుల ట్రాక్టర్లలో గేర్, హైడ్రాలిక్ వైపు ఇంజిన్ ఆయిల్ అసలు పోయకండి, దానికి వేరే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఉంటుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కొత్త మిషన్ అయితే సింథటిక్కా, మినరలా అనేకంటే ముందు డబ్బా మీద సీకే-4 లాంటి, మాన్యువల్ అడిగిన గ్రేడ్ ఉందో లేదో చూడండి.

టర్బో బండి, ఎండాకాలం లోడ్ పని ఉంటే సింథటిక్‌కు పెట్టిన డబ్బు వృథా పోదు. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే మంచి మినరల్ ఆయిలే తీసుకుని, మిగిలిన దాంతో ఒరిజినల్ ఎయిర్ ఫిల్టర్, రెండు కొత్త క్లాంపులు కొనండి.